రేడియోనా, కాయల మిషనా

1939 ఫిబ్రవరి 12, కమలాపురం

ఈ రోజు నుంచి దినచర్య రాయాలని నిశ్చయించుకున్నాను. పెద్ద ఖర్చు చేయబోయే మనిషి తన ఆలోచనలను ముందు కాగితం మీద పెట్టి చూసుకోవాలి. ఆవేశంలో డబ్బు తగలేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నేను ఆ రకం మనిషిని కాను.

పోస్టాఫీసు పుస్తకంలో నూట అరవై మూడు రూపాయలు ఉన్నాయి. క్రైస్తవ మిషన్ బడిలో పదిహేడేళ్లు పాఠాలు చెప్పి మిగిల్చినవి. పిల్లలు లేరు కాబట్టి మిగిలాయని నా భార్య రాహేలమ్మ అంటుంది. నా క్రమశిక్షణ వల్ల మిగిలాయని నేనంటాను.

కడపలో రైల్వే ఇంజనీరు దొర ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ తన రేడియో అమ్ముతున్నాడట. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీతో పలుకుతుంది. నూట ఇరవై అయిదు రూపాయలు. కొత్తదైతే దానికి రెట్టింపు.

రాహేలమ్మ శనక్కాయలు ఒలిచే మిషను అడుగుతోంది. చేత్తో తిప్పేది. నలభై అయిదు రూపాయలు.

రెండూ కలిపితే నూట డెబ్బై. ఏడు రూపాయలు తక్కువ. ఏదో ఒకటి ఎన్నుకోమని దేవుడే చెబుతున్నాడు.

ఫిబ్రవరి 14

రాహేలమ్మ ఊరి పెద్ద రైతు సుబ్బయ్యరెడ్డి కల్లం నుంచి పొద్దు గూకాక వచ్చింది. అక్కడ మా మిషన్ పాలెం ఆడవాళ్లు ఇరవై మంది కూర్చుని శనక్కాయలు ఒలుస్తారు. ఆమె కుడి బొటనవేలి గోరు నల్లబడింది. దానికి ఆముదం రాసుకుంటూ మళ్లీ మిషను సంగతి ఎత్తింది.

“ఇరవై మందిమి రెండు దినాలు ఒలిచేది అది ఒక్క పూటలో ఒలుస్తాదంట. తిరనాళ్లలో చూసొచ్చినా. సోమక్కా నేనూ తిప్పుకుంటే రెడ్డి కల్లానికి పోబల్లేదు. రైతులే మన కాడికి మూటలు తెస్తారు.”

సోమక్క మా పక్కింటి విధవరాలు. మంచి మనిషే, గొంతు పెద్దది.

“మరి మిగతా పద్దెనిమిది మంది నోటి కూడు?” అని అడిగాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

ఆమె కాసేపు గోరు చూసుకుంది. “అందరం కలిసి తిప్పుకుంటాం” అంది.

ఆడవాళ్లు కలిసి ఒక పని చేయడం నేనెక్కడా చూడలేదని చెప్పాను. ఆ ఇరవై మందీ కలిసే కదా ఒలుస్తున్నారని తర్వాత తోచింది. అప్పటికి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 21

పక్షపాతం లేకుండా ఆలోచించాను. మిషను వస్తే బీదవాళ్ల పని పోతుంది. నేను సంఘంలో పెద్దను, ఉపాధ్యాయుణ్ణి, నాకది తగదు. రేడియో వల్ల ఎవరి పనీ పోదు. పిల్లలకు లోకజ్ఞానం వస్తుంది. రైతులకు మద్రాసు ధరలు తెలుస్తాయి. మంచి సంగీతం వింటే మనసు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన మనిషి వృథా ఖర్చు చేయడు. ఆ విధంగా చూస్తే రేడియో కూడా ఒక పొదుపే.

ఊళ్లో ఒక్క ఇంట్లోనూ లేదు. సుబ్బయ్యరెడ్డి మిద్దెలో కూడా లేదు. నా నిర్ణయానికీ దీనికీ సంబంధం లేదు. విషయంగా రాసుకుంటున్నాను, అంతే.

మార్చి 3

రేపు శనివారం కడపకు వెళ్తున్నాను. చూసిరావడానికి మాత్రమే. పోస్టాఫీసు నుంచి డబ్బు తీశాను, కానీ ఖాళీ చేతులతో వెళ్తే ఆ దొర మనల్ని మనుషులుగా చూడడు కదా.

మార్చి 4

కొన్నాను.

మార్చి 9

రేడియో ఒక్కటే కొంటే చాలదని తెలిసింది. లైసెన్సుకు పది రూపాయలు. ఇంటి మీద తీగ కట్టడానికి రెండు పొడుగాటి వెదుళ్లు, రాగి తీగ. బ్యాటరీ మేకపిల్లంత బరువుంది, అందులో ఉన్నది నీళ్లు కాదు, ద్రావకం. నా పెళ్లినాటి పంచెకు రూపాయి బిళ్లంత చిల్లు పడింది. పది దినాలకొకసారి దాన్ని రైల్లో కడపకు తీసుకుపోయి ఛార్జి చేయించాలి. దొర ఇవన్నీ చెప్పాడేమో. ఆయన తెలుగు, నా ఇంగ్లీషు అంతంత మాత్రమే.

రాహేలమ్మ పెట్టెను పాత చీరతో తుడిచి, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. “ఇది తింటాదా, తాగుతాదా?” అని మాత్రం అడిగింది.

ద్రావకం తాగుతుందని చెప్పాను. నవ్వలేదు.

మార్చి 16

ఈ రోజు తేదీ రెండుసార్లు రాశాను. సంతోషం వల్ల.

సాయంత్రం మద్రాసు నుంచి వీణ వచ్చింది. వీణ వెనక వాన కురుస్తున్నట్టు చప్పుడు కూడా వచ్చింది గాని వీణ మాత్రం నిజం. పాలెం అంతా మా పెరట్లో చేరింది. సోమక్క దండం పెట్టింది. ఆ తర్వాత సందులో చెప్పుల చప్పుడైంది. చూస్తే సుబ్బయ్యరెడ్డి! పదిహేడేళ్లలో ఆయన మా సందులో అడుగు పెట్టడం ఇదే మొదలు. ఆయన సేద్యగాడు చిన్న ఈరన్న వెనకాల కుర్చీ మోసుకొచ్చాడు. కంచె అవతల వేశాడు. తాగడానికి వాళ్ల ఇంటి నుంచే చెంబుతో నీళ్లు తెచ్చాడు.

ఎంత ఆలోచన గల మనిషి! నాకు కుర్చీ కొనే ఖర్చు తప్పించాడు.

“ఏం అయివారూ, బాగుండారా?” అన్నాడు. అయివారూ అన్నాడు, బడిపంతులుకిచ్చే మర్యాదతో! ఇన్నాళ్లూ “ఒరే ఏసేపూ” తప్ప మరో పిలుపు లేదు.

ఆయనకు బాగా వినబడాలని రేడియో ముఖం సందు వైపు తిప్పాను. మా వాళ్లు పెరట్లో రేడియో వీపు దగ్గర కూర్చున్నారు. వాళ్లకేం ఫరవాలేదు, అలవాటే.

ఏప్రిల్ 20

రోజూ వస్తున్నాడు. శనక్కాయల ధర చెప్పినప్పుడు ముందుకు వంగుతాడు. సంగీతం వస్తే కునుకు తీస్తాడు. నిన్న వెళ్తూ “నీ పుణ్యాన రెండు ముక్కలు తెలుస్తాండాయప్పా” అన్నాడు.

రాహేలమ్మ గోరు ఊడిపోయింది. గుడ్డ చుట్టుకుని కల్లానికి వెళ్లింది.

మే 18

జరిగిన సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత ఎవరైనా నన్ను తప్పుపడితే ఈ పుటే సాక్ష్యం.

సాయంత్రం రైతులకు ఒక ప్రసంగం వచ్చింది. శనక్కాయలు ఒలిచే చేతి మిషను గురించి. ప్రసంగం చేసే ఆయన ఆ మిషను ఎంత పని చేస్తుందో, ఎంత కూలి మిగులుతుందో చెప్పుకుంటూ పోతున్నాడు. సుబ్బయ్యరెడ్డి కునుకు మాని నిటారుగా కూర్చున్నాడు. పెరట్లో ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. ప్రసంగం చివర ఆయన “అయితే విత్తనాల కోసం ఒలిచేటప్పుడు రైతులు తప్పక చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది” అన్నాడు.

అక్కడ బ్యాటరీ అయిపోయింది.

“ఏమన్యాడు? ఏం చూసుకోవాలంట?” అని రెడ్డి నన్ను అడిగాడు.

నాకు తెలియదని చెప్పాల్సింది. కానీ అంతమంది ముందు, రేడియో గల మనిషిని, తెలియదని ఎలా అంటాను? “మామూలు జాగ్రత్తలే రెడ్డీ, శుభ్రంగా ఉంచుకోమని” అన్నాను.

రాహేలమ్మ పెరట్లోంచి నన్ను చూసింది. 

జూన్ 2

సుబ్బయ్యరెడ్డి మిషను తెప్పించాడు. రేపటి నుంచి ఆడవాళ్లు రాబల్లేదని చిన్న ఈరన్న పాలెంలో చెప్పి వెళ్లాడు.

జూన్ 3

రాహేలమ్మ ఇంట్లోనే ఉంది. సోమక్క వచ్చి గుమ్మంలో కూర్చుంది. పెద్ద గొంతు గల మనిషి ఒక్క మాటా మాట్లాడకుండా గంట సేపు కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

చివరికి “అయివారూ, ఆ పెట్టెను అడుగుదురూ, మేం ఏం చేయాల్నో చెప్తాదేమో” అంది. వెటకారమో, నిజంగానే అడిగిందో తెలియలేదు.

మిషనంటూ వచ్చేదైతే మా ఇంటికే వచ్చి ఉండవచ్చు కదా అని రాహేలమ్మ అంటుందని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అనలేదు. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది.

జూన్ 11

రేడియో బాగా పలుకుతోంది. కచేరీ. పెరట్లో ముగ్గురే.

ఆగస్టు 6

సుబ్బయ్యరెడ్డి చేలో మొలక సగమే వచ్చిందట. మిషను గింజల్ని చిట్లగొట్టింది. పైకి కనబడని చీలికలు. విత్తినవి విత్తినట్టే మట్టిలో కుళ్లిపోయాయి. ఈ ఉదయం బడి ముందర నిలబడి, పిల్లలందరూ వింటుండగా అరిచాడు.

“శుభ్రంగా ఉంచుకోమన్యాడా? శుభ్రంగా! నాలుగెకరాలు నాశనమైపాయ గదరా ఏసేపూ!”

ఏసేపూ. పైగా ‘రా’ కూడా.

ఇంటికొచ్చి రాహేలమ్మకు చెప్పాను. పేలాలు వేయిస్తోంది. తల తిప్పకుండా అంది: “బోల్టు బిగిచ్చి తిప్పింటారు. కాయలు తొందరగా పగలాలని. విత్తనాలకైతే వదులుగా పెట్టి, నిదానంగా తిప్పాల. జల్లెడ కూడా వేరే వేయాల.”

“నీకెట్లా తెలుసు?”

“తిరనాళ్లలో అమ్మేటోడు చెప్పినాడు. అడిగినా కాబట్టి చెప్పినాడు.”

“మరి ఆ రోజు చెప్పలేదేం?”

“నన్నెవురు అడిగినారు?”

ఆ మిషనును రెడ్డి గొడ్ల సావిట్లో పడేయించాడట.

సెప్టెంబరు 4

యుద్ధం వచ్చింది!

నిన్న సాయంత్రం రేడియో చెప్పింది. ఈ రోజు మా ఇంటి ముందు అరవై మందికి తక్కువ లేరు. కరణం వచ్చాడు. స్టేషను మాస్టరు వచ్చాడు. సుబ్బయ్యరెడ్డి కోపం మరిచి వచ్చాడు, ఆయన కుర్చీ వచ్చింది. “అయివారూ, హిట్లరు ఎంత దూరంలో ఉండాడు?” అని అడిగాడు. పటం తెచ్చి చూపించాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. బడిలో కూడా నన్నట్లా ఎవరూ వినలేదు.

లోకానికి ఇది గొప్ప విపత్తు. ఎంతో బాధగా ఉంది. ఆదివారం ప్రత్యేక ప్రార్థన పెట్టించాలి.

వార్తలు ఎక్కువ కాబట్టి బ్యాటరీ ఇకపై వారానికొకసారి మార్చాలి.

సెప్టెంబరు 25

రాహేలమ్మ చెవులకు కమ్మలు లేవు. వేపపుల్లలు ఉన్నాయి. మెరుగు పెట్టించడానికి ఇచ్చి ఉంటుంది. అడగలేదు. పోలండు సంగతులు వినాల్సి ఉంది.

అక్టోబరు 8

సోమక్క పెరట్లోంచి గరగరమని ఒక చప్పుడు వస్తోంది. రేడియోకు అడ్డంగా ఉంది. కిటికీ మూశాను.

నవంబరు 13

మిషన్ ఆఫీసు నుంచి ఉత్తరం. యుద్ధం కారణంగా ఇంగ్లండు సీమ నుంచి రావాల్సిన నిధులు ఆగిపోయాయి. ఉపాధ్యాయుల జీతాలు వచ్చే నెల నుంచి సగం. ఓపిక పట్టవలెను, ప్రార్థించవలెను.

ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఇరవై రూపాయల్లో సగం పది. మూడోసారి చదివినా పదే.

సాయంత్రం ఎప్పటిలాగే జనం వచ్చారు. ఎప్పటిలాగే రేడియో పెట్టాను. ఏదో ఓడ మునిగిందని చెప్పారు. ఏ ఓడో అని అందరూ ఆసక్తిగా అడిగారు.

డిసెంబరు 5

పది రూపాయలు వచ్చాయి. బ్యాటరీకి రైలు ఛార్జీ పోను, అంగట్లో పాతబాకీ పోను, రాసుకోవడానికి ఏమీ లేదు.

అయినా ఇంట్లో సంగటి తగ్గలేదు. నిన్న కోడిగుడ్డు కూర కూడా ఉంది. ఇదే నేను చెప్పే క్రమశిక్షణ ఫలితం. సగం జీతంతో కూడా ఇల్లు నడపవచ్చని మిషన్ వాళ్లకు ఒక వ్యాసం రాసి పంపాలని ఉంది.

డిసెంబరు 9

వ్యాసం మొదలుపెట్టాను. “ఇంటి ఖర్చు తగ్గించుటకు మార్గములు” అని పేరు పెట్టి, మా ఇంట్లో జొన్నలు నెలకెన్ని పడతాయని రాహేలమ్మను అడగబోయాను. ఇంట్లో లేదు. ఆ గరగర చప్పుడు వస్తోంది. కంచె మీంచి సోమక్క పెరట్లోకి చూశాను.

సుబ్బయ్యరెడ్డి సావిట్లో పడేసిన మిషను అక్కడుంది. తుప్పు గీకి, నూనె పెట్టారు. సోమక్క తిప్పుతోంది. నలుగురు జల్లిస్తున్నారు. నలుగురు చిట్లిన గింజలు ఏరుతున్నారు. అయిదారు మంది రైతులు మూటలతో నీడలో కూర్చుని వంతు కోసం చూస్తున్నారు. రాహేలమ్మ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, బోల్టు అర చుట్టు వదులు చేసింది. నేనెప్పుడూ ఒక పుస్తకాన్నయినా అంత శ్రద్ధగా చూసి ఎరగను.

“రెడ్డి ఎంతకిచ్చినాడు?” అన్నాను. ఏం మాట్లాడాలో తోచక.

“నా కమ్మలకు” అంది రాహేలమ్మ. “సోమక్క దాచుకున్న మట్టెలు కూడా. ఇనుము ధరకే ఇచ్చినాడులే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు వింటాంటివి గదా” అంది, మా కిటికీ వైపు చూపిస్తూ.

ఇంటికొచ్చి వ్యాసం చింపేశాను. వెనక వైపు ఖాళీగా ఉంది, పిల్లలకు లెక్కలకు పనికొస్తుందని తర్వాత గుర్తొచ్చింది.

1940 జనవరి 7

బ్యాటరీ చచ్చిపోయింది. ఇక ఛార్జి ఎక్కదట. కొత్తది పద్దెనిమిది రూపాయలు. అయిదు దినాలుగా రేడియో మౌనం. మొదటి రోజు ముప్పై మంది వచ్చారు. రెండో రోజు పది మంది. ఈ రోజు కంచె దగ్గర ఒక మేక మాత్రమే ఉంది.

జనవరి 14

సుబ్బయ్యరెడ్డి అరవై రూపాయలిస్తానన్నాడు. నూట ఇరవై అయిదుకు కొన్నానని చెప్పాను.

“అది దొర ధర. ఇది నీ ధర” అన్నాడు.

ఇచ్చేశాను. చిన్న ఈరన్న నెత్తిన పెట్టుకుని తీసుకుపోయాడు. అంగడి బాకీ తీర్చి, మిగిలింది పోస్టాఫీసులో వేశాను. బల్ల మీద అది ఉన్నచోట దుమ్ము లేని నాలుగు పలకల గుర్తు ఉంది. రాహేలమ్మ తుడవబోతే వద్దన్నాను.

ఆమె గుడ్డ పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. “వీణ బాగుండె” అంది. “మొదటి దినం వచ్చింది సూడు, అది.”

ఆమె కూడా విన్నదని నాకు తెలియదు. రేడియో వీపు వైపు కూర్చునేది కదా.

జనవరి 28

కొత్త బ్యాటరీ వేసినా రెడ్డి ఇంట్లో రేడియో సరిగా పలకడం లేదని కబురు పంపారు. వెళ్లాను. అరుగు మీద పెట్టారు. నేను కింద నేల మీద నిలబడి, చేయి చాపి తిప్పాలి. తిప్పాను. పలికింది. అరుగు మీద కరణం, స్టేషను మాస్టరు ఉన్నారు. ఎవరూ నావైపు చూడలేదు. వార్తలు అయ్యేదాకా నిలబడ్డాను. ఎప్పుడైనా తప్పిపోతే మళ్లీ తిప్పాలి కదా.

“ఇంగ పో ఏసేపూ” అన్నాడు రెడ్డి. “రేపు కూడా రా.”

ఫిబ్రవరి 4

వారంగా రోజూ వెళ్తున్నాను. పరోపకారం. కాళ్లు నొప్పులు.

ఫిబ్రవరి 10

సోమక్క భుజం బెణికింది. రైతుల మూటలు పేరుకుపోయాయి. సాయంత్రం బడి నుంచి వస్తుంటే రాహేలమ్మ కంచె మీంచి పిలిచింది.

“ఒక గంట తిప్పుతావా?”

ఉపాధ్యాయుణ్ణి. పిల్లలు చూస్తారు. వాళ్ల తల్లులే అక్కడ జల్లెడ పడుతున్నారు. అయితే శరీరానికి వ్యాయామం అవసరమని ఆరోగ్య పాఠంలో నేనే చెబుతాను. చెప్పిన మాట పాటించాలి కాబట్టి చొక్కా విప్పి కంచెకు తగిలించాను.

మొదటి పావుగంట బాగానే తిప్పాను. ఆ తర్వాత రాహేలమ్మ, “గబగబా తిప్పాకు, గింజ పగులుతాది. పాఠం చెప్పినట్టు తిప్పు. నిదానంగా” అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

ఫిబ్రవరి 17, శనివారం

బడి లేదు. ఉదయం నుంచి తిప్పుతున్నాను. అరచేతుల్లో బొబ్బలు. మధ్యాహ్నం వేంపల్లె నుంచి ఒక రైతు బండి నిండా విత్తనం కాయలు తెచ్చాడు. ఇక్కడ గింజ చిట్లదని విని అంత దూరం వచ్చాడట. రాహేలమ్మ కాయలు చేతిలోకి తీసుకుని, ఒకటి చెవి దగ్గర ఊపి, ఇంకా ఆరలేదు, రెండు దినాలు ఎండబెట్టి తెమ్మని చెప్పింది. ఆ పెద్దమనిషి “అట్నేమ్మా” అని బండి అక్కడే నీడకు తోలుకున్నాడు. ఎండబెట్టుకునే పోతాడట.

పొద్దు వాలాక చిన్న ఈరన్న వచ్చాడు. “ఏసేపూ, పెట్టె గురగురమంటాండాది. కడప నుంచి రెడ్డి చుట్టాలొచ్చినారు. నిన్ను బిరీన రమ్మన్యాడు.”

నా చేయి పిడి వదిలేసింది. వదిలేయమని నేను చెప్పలేదు, దానంతట అదే వదిలింది. లేచి చొక్కా అందుకున్నాను. ఒక చేయి దూర్చాను కూడా.

రాహేలమ్మ జల్లెడ ఆపలేదు. తలెత్తలేదు.

“రాడు” అంది. “పనిలో ఉండాడని చెప్పుపో.”

చిన్న ఈరన్న నావైపు చూశాడు. రెడ్డికి ఈ మాట ఎట్లా చెప్పాలో అతనికి తెలియదు. నాకూ తెలియదు. ఆడవాళ్లందరి చేతులూ ఆగాయి, ఒక్క రాహేలమ్మవి తప్ప.

మా పెళ్లయి ఇరవై రెండేళ్లు. నేను పనిలో ఉన్నానని ఆమె మరొకరితో అనగా వినడం ఇదే మొదటిసారి.

చొక్కా తీసేసి కూర్చున్నాను. చిన్న ఈరన్న వెళ్లిపోయాడు. రేపు దీనికి ఏదో ఒకటి వినాల్సి వస్తుంది. వస్తే వస్తుంది.

రెండు మూటలు మిగిలాయి. సోమవారం బడి వదలగానే వచ్చి తిప్పుతానని చెప్పాను. నన్ను ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.